ఊదారంగు కేప్‌కు పీకో

మొన్న ఒకావిడ ఊదారంగు పట్టుచీర తెచ్చి, ఫాల్ కుట్టి పీకో వేసిపెట్టమంది. ఆ రంగుకు సరిపోయే దారం కోసం పెట్టె వెతుకుతుంటే నాకు నవ్వాగలేదు. "ఏంటండీ, చీర బాలేదా?" అని ఆవిడ కంగారుపడింది. చీర బంగారంలా ఉంది. నా నవ్వుకు కారణం వేరు. అదే రంగు దారంతో, అదే మిషను మీద, నేనొకసారి లోకాన్ని కాపాడే వీరుడికి పీకో వేశాను. ఆ సంగతి ఆవిడకు చెప్పాలంటే ముందు మా ఆడపడుచు గురించీ, మా డాబా గురించీ చెప్పాలి. అంతసేపు ఆవిడ గుమ్మంలో నిలబడదు. మీరు కూర్చుని చదువుతున్నారు కనుక మీకు చెబుతాను.

నేను తిరువూరులో బట్టలు కుడతాను. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. మిగతాదంతా మా ఊరి గ్రంథాలయం చెప్పింది. మధ్యాహ్నం కరెంటు పోగానే అందరూ విసనకర్ర వెతుక్కుంటే నేను లైబ్రరీకి నడిచేదాన్ని. నక్షత్రాల గురించి చదివాను, గుండె ఎలా కొట్టుకుంటుందో చదివాను, పట్టుపురుగు గురించి ఎంత చదివానంటే కొన్నాళ్ళు పట్టు జాకెట్టు కత్తిరించాలంటే చెయ్యి ఆడలేదు. గ్రంథపాలకుడు నన్ను చూడగానే "ఈవేళ ఏ శాస్త్రమమ్మా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న వినడానికే సగం వెళ్ళేదాన్నేమో.

మా ఆడపడుచుది నాకు పూర్తిగా ఎదురు దారి. పెద్ద చదువులు చదివి, ఎ.కొండూరు వైపు బడిలో సైన్సు చెబుతుంది. మా ఇంటి పై వాటాలో ఉంటుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఆమ్లాలూ క్షారాలూ వివరించి పంపేస్తుంది. ఒకసారి అణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో పిల్లలకు చూపిద్దామని ఒక చిన్న ప్లాస్టిక్ ఇటుకల పొట్లం కొంది. అందులోంచి మెడ నుంచి వీపున కేప్ అనే గుడ్డముక్క వేలాడుతున్న బొటనవేలంత వీరుడు బయటపడ్డాడు. ఆ పొట్లం బడి దాకా చేరలేదు. ఆ తర్వాత ఎన్ని వచ్చాయో లెక్కలేదు. ఎగిరే ఓడలు, కూలిపోయే వంతెనలు, రాక్షస యంత్రాలు, వాటితో యుద్ధం చేసే బుల్లి మనుషులు. ఇటుకలన్నిటినీ రంగుల వారీగా మామిడికాయల ఖాళీ అట్టపెట్టెల్లో సర్దేది. అందుకే మా వీరులందరి దగ్గరా కాస్త బంగినపల్లి వాసన వస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాలు కానిచ్చి, డాబా మీద రేకుల నీడలో నలుగురం చేరేవాళ్ళం. నేను, మా ఆడపడుచు, బస్సు కండక్టరుగా రిటైరైన మా చిన్నమామగారు, వీధి చివర మందుల షాపతను. చిన్నమామగారిని మేమంతా బాబాయి అనే పిలుస్తాం. ఆయన వీరులను ఓడలో కూర్చోబెడితే ముందు సీట్లు ఆడవాళ్ళకు వదిలిపెట్టేవాడు. మందుల షాపతను ప్రతి బొమ్మనూ తిరగేసి, కాళ్ళ కింద అచ్చుపడిన చిన్న గుర్తులు చదివేవాడు, గడువు తేదీ చూసినట్టు. ఇక మా చర్చలు వినాలి! ఛాతీ మీద బొమ్మ ముద్రించాలా, అంటించే స్టిక్కరు చాలునా? తలకు రెండు వైపులా ముఖాలుంటే వెనక ముఖం జుట్టు కింద దాగుతోందా లేదా? మోకాళ్ళు వంగనివాడు యుద్ధమెలా చేస్తాడు? టీ చల్లారిపోయేది, వాదన చల్లారేది కాదు. వాళ్ళ అసలు పేర్లు నా నోరు తిరగవు. అందుకని కస్టమర్లకు పెట్టుకున్నట్టే బట్టల్ని బట్టి పేర్లు పెట్టాను. పచ్చముసుగావిడ, వెండి చొక్కా, ఊదాయన. వాళ్ళంతా ఒకే కొలత. ఒకే మెడ, ఒకే భుజం, ఎవరూ లావెక్కరు. ఇన్నేళ్ళలో నన్నింత సుఖపెట్టిన కస్టమర్లు ఇంకెవరూ లేరు.

మా ఆడపడుచు దగ్గర అన్నిటికన్నా ముద్దుది ఒక సెట్టు. మూడంతస్తుల బడి, దాని మీద దాడికొచ్చే ఇనుప తేలు. వేరేవాళ్ళు వాడినది కొనుక్కుంది కనుక అందులో ఒక బొమ్మ లేదు. రెండో అంతస్తులో నల్లబల్ల ముందు, బొమ్మ కాళ్ళు గుచ్చి నిలబెట్టే బుడిపె ఒకటి ఖాళీగా ఉంది. అక్కడ ఉండాల్సింది ఒక టీచరమ్మ. నీలం కోటు, కళ్ళజోడు. తల వెనక్కి తిప్పితే అదే ముఖానికి ముసుగు. పాఠం చెబుతూ చెబుతూ బడిని కాపాడే మనిషి. ఆ బొమ్మ ఆ ఒక్క సెట్టులోనే వచ్చిందట, తర్వాత తయారీ ఆపేశారట. "మిగతా వీరులంతా కోటీశ్వరులో సైనికులో వదినా. మనలాగా హాజరుపట్టీ పట్టుకున్నది ఇదొక్కతే" అనేది. ఏళ్ళ తరబడి వెతికింది. చివరికి ఫోన్‌లో అభిమానుల గ్రూపులో గుంటూరు బ్యాంకు ఉద్యోగి ఒకాయన దొరికాడు. ఆయన దగ్గర టీచరమ్మ ఉంది. ఆయనకు మా ఊదాయన కావాలి. విజయవాడలో అభిమానులు కలుసుకునే రోజున మార్చుకుందామన్నాడు. ఒకటే షరతు, కేప్ చెక్కు చెదరకుండా ఉండాలి. ఈ బొమ్మల్లో ముందు పాడయ్యేది కేపే. అందుకే తెలిసినవాళ్ళు ముఖం కన్నా ముందు వీపు చూస్తారు.

ఆ కేప్‌కు ఒక మడత పడింది. మా ఆడపడుచు మూడు రోజుల ట్రైనింగుకు వెళ్తూ దాన్ని నా చేతిలో పెట్టింది. "వదినా, ఇస్త్రీ మాత్రం పెట్టకు. ఏదైనా బరువు కింద పెట్టు, చాలు." లైబ్రరీ నుంచి తెచ్చుకున్న లావుపాటి విజ్ఞాన సర్వస్వం కింద పెట్టాను. మడత పోయింది. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. తీసి వెలుతురులో చూశాను కదా, అంచు కుట్టలేదు! నాలుగు వైపులా ఉత్త కత్తెర కోత. దేశాలన్నిటికీ పంపే వస్తువు, ఇంత ముద్రణ, ఇంత అచ్చు, చివరికి అంచు ఇలా వదిలేస్తారా? ఒక్క పోగు లేచిందంటే గుంటూరాయన ముందు మా పిల్ల పరువేం కావాలి? ప్రేమతోనే చేశాను. ఊదారంగు దారం ఎక్కించి, కళ్ళు చికిలించి, చుట్టూ సన్నగా పీకో వేశాను. నా చేత్తో అంత చిన్న అంచు ఎప్పుడూ వేయలేదు. మురిసిపోయి ఊదాయన మెడకు తొడిగి, ఆదివారం టీ పళ్ళెంలో నిలబెట్టి డాబా మీదికి పట్టుకెళ్ళాను.

బాబాయి కళ్ళజోడు పైకెత్తి వంగి చూశాడు. "కోడలు పిల్లా, ఈయన ఊరిని కాపాడ్డానికి బయల్దేరాడా, పేరంటానికి బయల్దేరాడా?"

"సీలు విప్పిన సీసా అయిపోయిందక్కా. ఇక రిటర్న్ లేదు" అన్నాడు మందుల షాపతను.

మా ఆడపడుచు బొమ్మను అరచేతిలోకి తీసుకుంది. "ఎవరు వెయ్యమన్నారు వదినా?"

"పోగులు లేస్తాయేమోనని..."

"పోగులుంటే కదా లేవడానికి!" అని, బొమ్మను అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా భోజనానికి కిందికి వచ్చేది కానీ నాతో మాట్లాడేది కాదు. "అన్నయ్యా, ఆ పప్పుగిన్నె ఇటు జరపమను" అనేది. గిన్నె నా చేతి పక్కనే ఉండేది. మా ఆయన కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. రెండు తీగల మధ్య వేలు పెట్టకూడదని తెలిసినవాడు కనుక గిన్నె జరిపి ఊరుకునేవాడు. నేను ఒక మూల కుట్టు విప్పి చూశాను. సూది పడ్డ చోటల్లా చీమల బారులా రంధ్రాలు. అక్కడితో ఆపి లైబ్రరీకి పరుగెత్తాను. నేత గురించి, గుడ్డల గురించి దొరికిందల్లా చదివాను. పడుగూ పేకా వేసి నేసిన గుడ్డకే పోగులు లేస్తాయనీ, నేయకుండా పీచును ఒత్తి అతికించిన గుడ్డలూ, గట్టిపరచిన గుడ్డలూ కోసినా చెదరవనీ తెలిసింది. చదివి కుట్టాల్సిందాన్ని, కుట్టి చదివాను.

కానీ చదివిన చదువు ఊరికే పోలేదు. ఊదారంగు పాప్లిన్‌కు చొక్కా కాలర్లలో వేసే ఫ్యూజింగ్ అతికించి, ఇస్త్రీ చేసి, కొత్త బ్లేడుతో కోశాను. మెడ దగ్గర రెండు రంధ్రాలు కాల్చిన సూదితో పొడిచాను. పదకొండు పాడయ్యాయి. పన్నెండోది నిలబడింది. బాబాయి చేతిలో పెడితే, "అసలు కండువా ఎక్కడ దొరికింది?" అన్నాడు. కేప్‌ను ఆయన కండువా అనే అంటాడు. మా ఆడపడుచు దాన్ని చాలాసేపు చూసింది. "బాగుంది" అని ఊదాయనకు తొడిగి, పీకో వేసినదాన్ని విడిగా మందుల డబ్బాలో పెట్టి, రెండూ సంచిలో వేసుకుంది. ఎందుకని నేను అడగలేదు.

ఆదివారం పొద్దున్నే విజయవాడ బస్సెక్కాం. బాబాయి తనకు తెలిసిన డిపో మనుషులందరినీ పలకరించి మాకు కిటికీ సీటు ఇప్పించాడు. ఎ.కొండూరు దాటాక మా ఆడపడుచు నేరుగా నాతో మాట్లాడింది.

"ఆయన అడిగితే ఏం చెబుదాం వదినా?"

"నిజమే చెబుదాం."

"అడక్కపోతే?"

నేను కిటికీలోంచి మామిడి తోటల్ని చూశాను. అడక్కపోతేనే బాగుండునని నా మనసులో ఉంది. దాచుకోవడమెందుకు, గట్టిగానే ఉంది.

ఆ హాల్లో అడుగుపెట్టగానే నాకు వయసు సగం తగ్గిపోయింది. బల్లల నిండా నగరాలు! మేడల మీద నుంచి వేలాడే వీరులు, నీళ్ళలా మెరిసే నీలం ఇటుకల నది, దాని మీద విరిగిన వంతెన, వంతెన చివర గాల్లో ఆగిపోయిన బస్సు. బాబాయి ఆ బస్సు దగ్గరే ఉండిపోయి, డోరు తప్పు వైపు పెట్టారని దాని సొంతదారుతో పెద్ద తగువు వేసుకున్నాడు. డాక్టర్లు, రైల్వే ఉద్యోగులు, ఇద్దరు పాస్టర్లు, అందరూ ఒకే భాష మాట్లాడుతున్నారు. ఈ తలకు ఆ జుట్టు నప్పదండీ, ఈ ఛాతీ మొదటి అచ్చుదండీ! మా డాబా మీద నలుగురమే పిచ్చివాళ్ళమనుకున్నాను. కాదు, మాకొక ఊరే ఉంది.

గుంటూరాయన ఊదాయనను తీసుకుని భూతద్దం పెట్టాడు. వీపు తిప్పాడు, అంచు చూశాడు, మెడ చూశాడు. "ఇంత శుభ్రంగా ఉంచిన కేప్ నేను చూళ్ళేదు మేడం. కంపెనీ పనితనమే వేరండీ" అన్నాడు. నాకు సగం భయం, సగం గర్వం. ఆయన తన పెట్టె తెరిచి టీచరమ్మను తీసి మా ఆడపడుచు చేతిలో పెట్టాడు. తను బొమ్మ తల మెల్లగా తిప్పింది. కళ్ళజోడు వెళ్ళి ముసుగు వచ్చింది. మళ్ళీ తిప్పింది. తర్వాత టీచరమ్మను బల్ల మీద, ఆయన వైపు నిలబెట్టింది.

"ఒక్క నిమిషమండీ. ఆ కేప్ కంపెనీది కాదు. మా వదిన కోసింది, తిరువూరులో. అసలుది ఇదీ" అని మందుల డబ్బా మూత తీసింది.

ఆయన పీకో వేసిన కేప్‌ను చూశాడు. మమ్మల్ని చూశాడు. "ఏమనుకోకండి మేడం, నేను మార్చుకోలేను" అని టీచరమ్మను జాగ్రత్తగా పెట్టెలో పెట్టేసుకున్నాడు. ఆయన తప్పేం లేదు. నేనైనా అంతే చేస్తాను.

కానీ అప్పటికే పక్క బల్లవాళ్ళు మెడలు చాచారు. "పీకోనా? కేప్‌కా? ఏదీ చూడనివ్వండి!" క్షణంలో గుంపు చేరింది, రెండు పార్టీలు పుట్టాయి. సూది పడ్డాక అది చెత్తే అని ఒక పార్టీ. లోకం మొత్తం మీద ఇలాంటిది ఇదొక్కటే కదండీ, దీన్ని మించిన అరుదైనది ఏముంది అని ఇంకో పార్టీ. ఒక పాస్టరుగారు రెండోదాంట్లో చేరారు. బాబాయి తగువు సగంలో వదిలేసి వచ్చి, "ఒకరి తర్వాత ఒకరండీ, తోసుకోకండి, అందరికీ చోటుంది" అని జనాన్ని సర్దాడు. నేసిన గుడ్డకూ నేయని గుడ్డకూ తేడా ఏమిటని ఎవరో అడిగారు. ఇక నన్ను ఆపడం ఎవరి తరం? లైబ్రరీలో చదివిందంతా చెప్పాను. డాక్టర్లు రాసుకున్నారు. గుంటూరాయన కూడా పెట్టె చంకలో పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

తిరుగు బస్సులో బాబాయి నిద్రపోయాడు. "ఆయన అడగలేదు కదే, ఎందుకు చెప్పావు?" అన్నాను. నా కళ్ళ ముందు ఇంకా ఆ ఖాళీ బుడిపే ఉంది.

"నువ్వు పన్నెండు సార్లు కోసిందాన్ని పట్టుకుని కంపెనీ పనితనం అంటాడేంటి వదినా? నాకు ఒళ్ళు మండింది" అంది. తర్వాత నా భుజం మీద తల ఆనించి, "టీచరమ్మ మాత్రం భలే ఉంది కదా" అంది.

ఆ టీచరమ్మ ఇప్పటికీ మాకు దొరకలేదు. ఇటుకల బడిలో నల్లబల్ల ముందు చోటు ఖాళీగానే ఉంది. ఆ పై అంతస్తు మీద ఊదాయన పీకో కేప్ వేసుకుని, ఒక మూల దారం కొస ఊగుతూ, కాపలా కాస్తున్నాడు. అభిమానుల గ్రూపులో వారానికొకరైనా ఆయన ఫోటో పెట్టి, ఇది పాడైనట్టా కాదా అని మళ్ళీ మొదలుపెడతారు. మా ఆడపడుచు ఒక పార్టీ, మందుల షాపతను ఇంకో పార్టీ, బాబాయి ఏ వారానికా వారం పార్టీ మారుస్తాడు. ఆ పీకో వేయడానికి నాకు పట్టింది నాలుగు నిమిషాలు. దాని మీద వాదన మొదలయ్యాక ఇది మూడో మామిడి కాపు, ఇంకా తేలలేదు, నేనున్నంత కాలం తేలకూడదనే నా కోరిక.