పిన్ని పేరు పక్కన ఎర్రచుక్క

మా అన్నయ్యకు ఇంట్లో తాళంకప్ప అని పేరు. పెట్టింది పిన్ని. డిగ్రీలో సైబర్ సెక్యూరిటీ తీసుకున్న కొత్తలోనే వాడు లాప్‌టాప్ కెమెరా మీద ప్లాస్టర్ ముక్క అంటించాడు. నేను నా పేరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నానని తెలిసి పడీపడీ నవ్వాడు. పిన్నినైతే ఊపిరి తీసుకోనివ్వలేదు.

"పిన్నీ, బ్యాంకు వాళ్ళమని ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చేస్తావ్?"

"పెట్టేస్తా."

"లాటరీ తగిలిందని మెసేజ్ వస్తే?"

"నా మొహానికి లాటరీ కూడానా అనుకుని తీసేస్తా. ఇకనైనా ముద్ద మింగనిస్తావా, తాళంకప్పా?"

అమ్మ పోయాక మా ఇద్దరినీ పెంచింది పిన్నే. ఒక్క జీతంతో ఇద్దరి చదువు సాగదని నేను పదో తరగతితో ఆపేసి, ఆమె పనిచేసే పార్సిల్ కంపెనీ గోడౌన్‌లో చేరాను. పెట్టెల మీద చిరునామా కాగితాలు అంటించడం నా పని. పిన్ని బిల్లులు కొట్టేది. ఆమె కంప్యూటర్ లారీలు వచ్చి ఆగే తలుపు పక్కనే. లారీ వచ్చినప్పుడల్లా దుమ్ము లేచి ఆమె మొహాన కొట్టేది. దగ్గు పట్టుకుని చాలా కాలమైంది. పై అంతస్తులో కిటికీ దగ్గర సీటు ఇమ్మని ఆమె అడుగుతూనే ఉంది, చూద్దామని మేనేజర్ అంటూనే ఉన్నాడు.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు అన్నయ్యకు ఒక ఆఫీసు కావలసి వచ్చింది. ఉద్యోగులందరికీ ఒక దొంగ మెయిల్ పంపి, ఎంతమంది మోసపోతారో చూడాలి. దానికి యజమాని అనుమతి ఉండాలి. ఉద్యోగులకు ముందుగా తెలియకూడదు. పడ్డవాళ్ళ పేర్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి రాకూడదని వాళ్ళ సారు మరీమరీ చెప్పి పంపాడట. మేనేజర్‌ను బతిమాలి ఒప్పించింది పిన్నే. పిల్లవాడు ఏదో పరీక్ష చేస్తాడని ఆమెకు తెలుసు. అదేమిటో, ఎప్పుడో తెలియదు.

ఒకసారి భోజనాల దగ్గర వాడు అడిగాడు. "పిన్నీ, మీ ఆఫీసులో అందరూ దేనికోసం ఎదురుచూస్తుంటారు?"

"పైన సీటు కోసం. కిందున్న ప్రతివాడిదీ అదే ఏడుపు."

వాడు తల ఊపాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఆ సీట్లు ఇస్తామనే మెయిల్ రాస్తున్నానన్నాడు. గోడౌన్ వాళ్ళకు మెయిల్ ఉండదు కాబట్టి నాకు చెప్పినా తప్పులేదనుకున్నాడు.

"పిన్ని పడితే?" అన్నాను.

"పిన్నా? తనకు నేర్పింది నేనే. ఆఫీసంతా పడినా తను పడదు."

పరీక్ష రోజున వాడు ఛార్జర్ ఇంట్లో మరిచిపోయాడు. నేను పరుగున వెళ్ళి తెచ్చి మేనేజర్ గదిలో ఇచ్చి, పొమ్మని ఎవరూ అనలేదు కాబట్టి తలుపు దగ్గరే నిలబడ్డాను. ప్రొజెక్టర్ వెలుగు గోడ మీద పడుతోంది. మెయిల్ తెరిచి అందులో పాస్‌వర్డ్ కొట్టినవాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక ఎర్రచుక్క వస్తుంది. చుక్కలే రావాలి. కానీ ముందురోజు ఇంట్లో తనకు తానే పంపుకుని సరిచూసుకున్నప్పుడు, పేర్లు కూడా కనపడేలా పెట్టుకున్నాడు. మళ్ళీ దాచడం మరిచిపోయాడు.

మెయిల్ వెళ్ళింది. వాడు మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడో లేదో మొదటి చుక్క పడింది. పక్కనే పిన్ని పేరు, ఇంటిపేరుతో సహా.

లాప్‌టాప్ మూసేస్తే పోయేది. వాడికది తోచలేదు. గోడకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. ఆ పేరు వాడి చొక్కా మీద పడి ఇంకా స్పష్టంగా కనిపించింది.

మేనేజర్ కడుపుబ్బా నవ్వాడు. "నిన్ను ఇంట్లో పెట్టుకుని మీ పిన్ని నేర్చుకున్నది ఇదా?"

అన్నయ్య లాప్‌టాప్ దగ్గరికి వచ్చి పేర్లు దాచాడు. తర్వాత చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆఫీసులో సగం మంది పడ్డారు. బయటపడిన పేరు మాత్రం ఒక్కటే.

ఆ వారంలోనే పిన్నిని కంప్యూటర్ దగ్గర నుంచి తీసేసి, గోడౌన్‌లో నా బల్ల దగ్గర వేశారు. అన్నయ్య మేనేజర్ దగ్గరికి వెళ్ళాడు. ఈ పరీక్షలో పడ్డవాళ్ళను శిక్షించకూడదని, సగం మంది పడ్డారని మొత్తుకున్నాడు.

"వాళ్ళెవరో నాకు తెలీదు కదా బాబూ. తెలిసింది ఈవిడే. వదిలేశాననుకో, నువ్వు చెప్పి వదిలించావంటారు. రేపు నిజం దొంగ వస్తే నా మెడకు చుట్టుకుంటుంది."

ప్రాజెక్టు వెనక్కి తీసుకుంటానని వాడు కాలేజీకి పరుగెత్తాడు. ఏడాది పోతుంది, మేనేజర్ చూసింది మాత్రం చెరిగిపోదు అన్నాడట సారు.

ఆ సాయంత్రం వాడు వంటింటి గడప మీద తల వంచుకుని కూర్చున్నాడు. "అన్నిసార్లు చెప్పాను కదా పిన్నీ. ఎందుకు నొక్కావ్?"

"నువ్వు బ్యాంకు గురించి చెప్పావ్, లాటరీ గురించి చెప్పావ్. సీటు గురించి చెప్పలేదు కదరా."

వాడు గడప మీద నుంచి లేవబోయాడు. పిన్ని ఆపింది. "ఇచ్చెయ్ ఆ ప్రాజెక్టు. నా సీటూ పోయి నీ చదువూ పోతే, ఇంత దుమ్ము మింగింది ఎందుకట?"

వాడు ఇచ్చేశాడు. మీ పరీక్షలో లోపమేమిటని కాలేజీలో అడిగితే, పేర్లు దాచలేదని చెప్పాడట. నిజాయితీగా ఒప్పుకున్నాడని మెచ్చుకుని మంచి మార్కులు వేశారు. ఆ మాట మాకు చెబుతున్నప్పుడు వాడు గోడవైపు చూస్తూ మాట్లాడాడు.

ఫలితాలు వచ్చిన రోజు పిన్ని, నేను బల్ల దగ్గర ఉన్నాం. లోపల దుమ్ము ఇంకా ఎక్కువ. ముక్కుకు కట్టుకున్న గుడ్డ కింద దగ్గు ఆగడం లేదు. ఫోన్ మోగింది. 'పిన్నీ పాసయ్యాను, ఇది నొక్కి మార్కులు చూడు' అని మెసేజ్. పిన్ని జిగురు వేళ్ళతోనే ఫోన్ నా ముందు పెట్టింది.

"వాడేనంటావా?"

"నంబర్ వాడిదే పిన్నీ."

"నంబర్ ఎవరిదైనా పెట్టొచ్చని వాడే చెప్పాడు." ఫోన్ బోర్లా పెట్టి ఇంకో పెట్టె దగ్గరకు లాక్కుంది. "ఇంటికొచ్చి నోటితో చెప్పమను."

సాయంత్రం వాడు గోడౌన్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "నేనే పిన్నీ. పాసయ్యాను" అన్నాడు. పిన్ని నవ్వింది. అంతలో దగ్గు తెర వస్తే గేటు ఊచ పట్టుకుంది. వాడు ఆమె చేతిసంచీ అందుకున్నాడు. ముగ్గురం నడుస్తుంటే ఆమె పై అంతస్తు కిటికీల వైపు ఒకసారి తలెత్తి చూసింది.

"ఒరే," అంది నెమ్మదిగా, "ఆ మెయిల్ సంగతి... సీట్లు మారుస్తామని వాళ్ళు ఎక్కడా అనుకోనైనా లేదా? అంతా నువ్వు రాసిందేనా?"

"అంతా నేను రాసిందే పిన్నీ."

ఆమె తల ఊపి, గుడ్డ మళ్ళీ ముక్కుకు కట్టుకుంది. అప్పటికి మేము దుమ్ము దాటి రోడ్డు మీదకు వచ్చేశాం.