గడప దాటిన యంత్రం

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి, నాలుగు కాళ్ళ యంత్రమొకటి మెట్లెక్కి దిగి పల్టీ కొట్టడం చూపించింది. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, అందులోని మర్మం నాకేం తెలుస్తుంది గానీ, దాని ముందుకాలు లేచిన తీరు చూడగానే మా చెల్లె యాదికొచ్చి, నవ్వబోయి ఆగిపోయాను.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో నల్లగొండలో నాకు వెల్డింగు షాపు ఉండేది. ఇంజినీరింగు పిల్లలు తమ రోబోలకు చట్రాలు అతికించుకోవడానికి వచ్చేవాళ్ళు. మొదట్లో అవన్నీ చక్రాల బండ్లే, చిన్న రాయి అడ్డమొస్తే అలిగిన అల్లుడిలా కదిలేవి కావు. తర్వాత వచ్చిన ఆరు కాళ్ళవి పీతల్లా పక్కకు పోయేవి. వాటికి పరీక్ష పెట్టేది షాపు వెనక ఇంట్లో ఉండే మా చెల్లె. ఫ్లోరైడు నీళ్ళకు కాళ్ళు వంకరపోయి చక్రాల కుర్చీలో ఉండేది. జానెడెత్తు గడప దగ్గర ఆ కుర్చీ ఆగిపోయేది. నలుగురి ముందు నాతో బస్తాలా మోయించుకోవడం సిగ్గనిపించి, రానురాను బయటికి రావడమే మానేసింది. అందుకే ప్రతి యంత్రాన్నీ గడప దాటించి చూపమనేది. దాటేది వస్తే దాని కాళ్ళు నీ కుర్చీకి పెట్టిస్తానని నేను మాటిచ్చాను.

కొన్నేళ్ళకు మేకపిల్లంత నాలుగు కాళ్ళది వచ్చింది. వణుక్కుంటూనే, గడపను తాకకుండా కాలెత్తి లోపల పెట్టింది. చెల్లె చప్పట్లు కొట్టింది.

"నీకంటె గిదే నయమన్నా, గడప తొక్కలె. ఇగ నా కుర్చీకి ఎప్పుడు పెడ్తవ్?"

"జర ఆగు చెల్లె, ఇంకా పాలు తాగే పిల్ల గది. నువ్వు కూసుంటే నడుం ఇరుగుతది."

హాస్యానికి అన్నాను గానీ, అది నిజమే. రెండు ఇటుకలు పెడితే కూలబడింది. దానికి బలం రాకముందే, మరుసటి చలికాలంలో చెల్లె పోయింది.

తర్వాత ఇల్లు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ, మూలనున్న కుర్చీని చూసి, "గీ గడప కోసేస్తె కుర్చీ సాఫ్‌గ పోతుండె గదన్నా?" అన్నాడు.

శుక్రవారం శుక్రవారం అమ్మ పసుపు రాసి బొట్లు పెట్టే గడప అది, పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం. దానిమీద ఏటవాలుగా పలక వేసి కుర్చీ నడపాలని గానీ, రంపం పెట్టాలని గానీ ఇంట్లో ఎవరికీ తోచలేదు, చెల్లెకు కూడా. పొద్దంతా ఇనుము కోసేవాణ్ణి, నాకూ తోచలేదు.

ఇప్పుడు యంత్రాలు కొండలెక్కుతున్నాయట. కొత్త ఇళ్ళకు గడపే లేకుండా నున్నగా బండలు పరుస్తున్నారు, మా ఈడువాళ్ళమే అలవాటుకొద్దీ గుమ్మంలో కాలెత్తుతున్నాం. మేస్త్రీతో ఆ రోజే మా గడప తీయించాను. కుర్చీని ఒకసారి తోసి చూశాను. ఎక్కడా తగలకుండా, ఖాళీగా, వాకిట్లోకి పోయింది.