సాక్షి చెప్పని మాట

ఇరవై అయిదేళ్ల కిందట, వేసవి సెలవులు ముగిసిన జూన్‌లో, సూరత్ జిల్లాలోని ఒక తాలూకా కోర్టులో సివిల్ జడ్జిగా, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుగా చేరాను. మాది అహ్మదాబాద్. నాన్న కరీంనగర్ వైపు నుంచి వలస వచ్చి బట్టల మిల్లులో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవారు. సొంత జిల్లాలో పోస్టింగ్ ఇవ్వరు. రాత పరీక్షలు గట్టెక్కాక ఇంటర్వ్యూలో నన్ను గుచ్చి గుచ్చి అడిగింది ఒకటే: తెలుగింటి అమ్మాయి గుజరాతీలో తీర్పులు రాయగలదా అని. రాయగలనని కాస్త పొగరుగానే చెప్పాను.

ఎంపికైనంత మాత్రాన కుర్చీ మనది కాదు. రెండేళ్లు ప్రొబేషన్. చివర్లో హైకోర్టు మన తీర్పులతో పాటు రోజ్‌కామ్‌లు, అంటే కేసులో ఏ రోజు ఏం జరిగిందో రాసే కాగితాలు, తెప్పించుకుని చూస్తుంది. నచ్చకపోతే ఇంటికే. నాకింకా రెండు నెలలు మిగిలి ఉండగా పల్సానా దారిలోని ఒక మరమగ్గాల షెడ్డు కేసు విచారణకు వచ్చింది.

ఒక కార్మికుణ్ణి వెనకనుంచి ఇనప రాడ్డుతో తలమీద కొట్టారు. ఎవరు కొట్టారో అతను చూడలేదు. ముద్దాయి ఒడియా కార్మికుడు, జామీను నిలిచేవాళ్లు లేక ఆరు నెలలుగా జైల్లో ఉన్నాడు. పోలీసులు చూపిన ప్రత్యక్ష సాక్షి ఒక్కడే, కరీంనగర్ వైపు నుంచి కొత్తగా వచ్చిన మల్లయ్య. అతనికి తెలుగు తప్ప మరో భాష రాదు. ఇలాంటప్పుడు దుబాసీని పిలిచి, ప్రమాణం చేయించి, అతని ద్వారా అడగాలి. అందుకు కేసు వాయిదా వేయాలి. నాకు తెలుగొచ్చు కదా అని ప్రాసిక్యూటర్ ప్రశ్నలను నేనే తెలుగులో అడిగి, జవాబులను గుజరాతీలో టైపిస్టుకు చెప్పాను.

"గాడే గొట్టిండు మేడం. ఇంకెవ్వడు గొడ్తడు?" అన్నాడు మల్లయ్య. అచ్చం మా నాన్న యాస. వింటుంటే ప్రాణం లేచొచ్చింది.

డిఫెన్సు వకీలు తల నెరిసిన మనిషి. క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టలేదు. మీరు రాయించింది సాక్షి చెప్పిందే అయ్యుండొచ్చు మేడమ్, అది నాకు తెలిసేదెలా అని గుజరాతీలో మర్యాదగా అడిగాడు. నాకు ఒళ్లు మండింది. కేసు వాయిదా వేసి ఛాంబర్లోకి వెళ్లాక అర్థమైంది, నేను రాయించింది సరిచూడగలిగినవాళ్లు ఆ హాల్లో ఎవరూ లేరని.

రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. ఊరుకుంటే నా పొరపాటు ఎప్పుడో అప్పీల్లో తేలుతుంది, ఈలోగా నా ఉద్యోగం ఖాయమవుతుంది. సాక్షిని మళ్లీ పిలిస్తే కారణం రోజ్‌కామ్‌లో రాయాలి, అది హైకోర్టు చూస్తుంది. భయపడుతూనే రాశాను: దుబాసీ లేకుండా సాక్ష్యం నమోదు చేయడం నా పొరపాటు.

మూడు వారాల తర్వాత, సూరత్‌లో పనిచేసే ఒక తెలుగు బ్యాంకు అధికారి దుబాసీగా ప్రమాణం చేశారు. కొడుతుంటే చూశావా అని అడిగారు.

"నేనేడ జూసిన సారూ? ఉరికొచ్చేసరికే కిందవడి ఉన్నడు. షెడ్డుల అందరు గాడే అన్నరు."

నా సంతకంతో ఉన్న మొదటి వాంగ్మూలంలో 'నేను చూశాను' అని ఉంది. మల్లయ్య ఆ మాట అననే లేదు. అతని గొంతు నమ్మి నేనే చేర్చాను.

ముద్దాయిని విడుదల చేశాను. నా ప్రొబేషన్ ఏడాది పొడిగించారు. నాతో ఎంపికైనవాళ్లు సీనియారిటీలో నన్ను దాటిపోయారు. అది న్యాయమే. కోర్టు హాల్లో జడ్జి ఒక్కరికే అర్థమైన మాట సాక్ష్యం కాదు. అది నేను నేర్చుకునేదాకా ఆ ఒడియా కార్మికుడు జైల్లోనే ఉన్నాడు.