మునగచెట్టు మీది గుడ్డకాకి

రాజమహేంద్రవరంలో మేమున్న ఇల్లు గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల. నేను కాపురానికి వచ్చేనాటికి అందులో మనుషులం నలుగురమే: అత్తగారు, మావగారు, నా భర్త, నేను. మిగిలిన ప్రాణులు మాత్రం చాలా ఉండేవి. వసారా దూలాల సందుల్లో పిచ్చుకలు కాపురాలు పెట్టాయి. వాటి కోసం మావగారు ఏటా కోతల రోజుల్లో వరికంకులు కుచ్చుగా అల్లించి చూరుకు కట్టించేవారు. పెరటి తూములో ఒక ముంగిస, దాని పిల్లలు. అటక మీద ఉడుతలు. గోదావరి పొంగిన ఏడు ఒక తాబేలు నూతి చప్టా దాకా నడిచి వచ్చి, మూడు రోజులు చుట్టంలా ఉండి, తన దారిన తాను పోయింది. ఈ ఇల్లు దేవుడు మన ఒక్కరికే ఇచ్చాడని ఎక్కడా రాసి లేదమ్మా అనేవారు మావగారు. ఆ మాట నాకు అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చుతుంది.

ఆయన వీధిబడి పంతులు. చూపు మందగించి బడి మానేశాక ఊరికే కూర్చోలేక నాకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. కోడలు మావగారి ఎదుట కూర్చోకూడదు గనుక మా బడి ఒక వింతైన బడి. సాయంత్రం దీపాల వేళకు ముందు ఆయన పెరటి వసారాలో చెట్ల వైపు తిరిగి కూర్చునేవారు. నేను వారి వెనక గుమ్మం లోపల. ఇసుక పళ్లెంలో అక్షరం దిద్ది, వెనక్కి చూడకుండా పళ్లెం నా వైపు తోసేవారు. అక్షరాలయ్యాక గుణింతాలు, ఆ తరువాత పద్యాల పుస్తకం. పుస్తకం నా చేతిలో ఉండేది, పద్యాలన్నీ వారి నోటిలో ఉండేవి. నేను తప్పు చదివితే చేతికర్ర నేలకు తాటించేవారు. ఒప్పు చదివితే ఏమీ అనేవారు కాదు. ఆ ఏమీ అనకపోవడం కోసం నేను పగలంతా ఎదురుచూసేదాన్ని.

ఆ వేళకు అత్తగారికి పక్కనే వంటింట్లో ఏదో ఒక పని ఉండేది. మా చదువు ఆవిడకు ఇష్టం లేదని రోలు చప్పుడులోనే తెలిసేది.

అలా రెండేళ్లు గడిచాక, ఒక ఫాల్గుణ మాసంలో మావగారికి జ్వరం తగిలింది. తొమ్మిదో రోజున పోయారు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లలో ఎవరు ఏమన్నారో నేను వినలేదు గాని, నెల తిరిగేసరికి అత్తగారు పుస్తకాలన్నీ ఒక చెక్కపెట్టెలో సర్ది, తాళం వేసి, అటక ఎక్కించారు. తాళంచెవి కొంగుకు ముడి వేసుకున్నారు.

"కోడలి చేత అక్షరాలు పలికించిన ఇల్లు. ఏం జరిగిందో చూశాం కదా. ఇక చాలమ్మాయ్," అన్నారు.

నీళ్లు తోడేటప్పుడు, పిండి విసిరేటప్పుడు, నోటికి వచ్చిన పద్యాలు లోలోపల చెప్పుకునేదాన్ని. కొన్నాళ్లు అన్నీ ఉన్నాయి. తరువాత ఒక్కొక్క పాదమే జారిపోవడం మొదలైంది. నిన్న ఉన్న పాదం ఇవాళ లేదు. పుస్తకం తలమీదే, అటక మీద ఉంది. చేతికి రాదు. ఉన్నదంతా ఇలాగే కరిగి, చివరకు అక్షరాలు కూడా మరిచిపోయి వచ్చినప్పటిలాగే మిగిలిపోతానేమోనని నా భయం. ఆ భయం చెప్పుకోవడానికి దేవుడు తప్ప నాకు ఎవరూ లేరు.

ఆ ఏడాదంతా నెలనెలా మావగారికి మాసికం పెట్టేవారు. పెరటి గోడ మీద ఆకులో పిండం పెట్టి ఇలా తిరిగేలోపే ఒక కుంటికాకి వచ్చి వాలేది. మావగారికి కూడా ఎడమకాలు కొంచెం కుంటు. అంతకన్నా అత్తగారికి ఇంకేం కావాలి? ఆ కాకి కనిపిస్తే కొంగు నెత్తిమీదికి లాక్కునేవారు.

"తొందరెందుకండీ, చల్లారనివ్వండి. ఎప్పుడూ ఇంతే మీరు," అని దాన్ని కోప్పడేవారు. అది తల పక్కకు వంచి వినేది.

అయితే పెట్టే చేత్తోనే తోలవలసి కూడా వచ్చింది. సంవత్సరీకానికి పది రోజుల ముందు బూడిద గుమ్మడి వడియాలు పెట్టాం. నులకమంచం మీద తడి పంచె పరిచి, వడియాలు పెట్టి లోపలికి వెళ్లి వచ్చేసరికి రెండు వరసలు ఖాళీ. మంచం పట్టె మీద కుంటికాకే ముందు కూర్చుని ఉంది.

"కొట్టకు, తిట్టకు," అన్నారు అత్తగారు, దానివైపు చూడకుండా. "రాకుండా మాత్రం చూడు."

పాత సామాను గదిలో మావగారి గొడుగు ఉంది, ఊచలు విరిగినది. దాని నల్లగుడ్డ కోసి, లోపల కొబ్బరి పీచు కూరి, పెరట్లో ఏరిన కాకి ఈకలు గుచ్చి, తల వేలాడేట్టు కట్టి, మునగచెట్టు కొమ్మకు వేలాడదీశాను. చచ్చిన కాకిని చూస్తే కాకులు ఆ దాపుకు రావు గదా. ఒక అరపూట కాకులన్నీ పక్కింటి పెంకుల మీద చేరి గోల పెట్టాయి. ఆ తరువాత మా పెరడంతా నిశ్శబ్దం. వడియాలు ఒక్కటి పోకుండా ఎండాయి. డబ్బాలకెత్తి, నా తెలివికి నేనే మురిసిపోయి, చెట్టు మీది గుడ్డకాకి సంగతి పూర్తిగా మరిచిపోయాను. గాలికి అది లోపలి కొమ్మల్లోకి జరిగి ఆకుల చాటున పడింది.

సంవత్సరీకం నాడు తెల్లవారకముందే తలస్నానాలు చేసి మడి కట్టుకుని వంటకు దిగాం. అరటికాయ కూర, అల్లం పచ్చడి, గారెలు, నువ్వులుండలు, పరమాన్నం. భోక్తలు తృప్తిగా తిని లేచారు. నా భర్త పిండం ఆకులో పెట్టి, పక్కన ఒక గారె ఉంచి, గోడ మీద పెట్టి పిలిచారు. కాకి రాలేదు.

మళ్లీ పిలిచారు. చూరు నీడ జరిగి నూతి దాకా వచ్చింది. కాకి ముడితేగాని ఇంట్లో ఎవరూ ఎంగిలి పడకూడదు. అత్తగారు ముందురోజు సాయంత్రం నుంచి ఉపవాసం.

"ఏదైనా కోరిక మిగిలిపోయిందేమోనండి. తలుచుకుని చెప్పుకోండమ్మా, వింటారు," అన్నారు పురోహితులు.

"ద్రాక్షారామం వెళ్లి అభిషేకం చేయిస్తాను నాన్నగారూ. వచ్చే కార్తీకంలోనే," అన్నారు నా భర్త.

పక్కింటి పిన్నిగారు గోడ అవతల నుంచి తొంగి చూసి, "గారెలో ఉప్పు సరిపోయిందటే అమ్మాయ్? ఆయన అసలే రుచి తెలిసిన మనిషి," అన్నారు.

అప్పుడు అత్తగారు నూతి పక్కకు వచ్చి నిలబడ్డారు. గొంతు మామూలుగానే ఉంది, ఇంట్లో మనిషితో మాట్లాడుతున్నట్టు.

"పుస్తకాల సంగతేగా? నాకు తెలుసు. కోడలి చదువు అటకెక్కించానని మీ కోపం. సరేనండీ, తాళంచెవి ఇచ్చేస్తాను. చదువుకోమంటాను. ఇంక రండి. ఎండగా ఉంది, నాకు నీరసంగా ఉంది."

తలెత్తి పక్కింటి పెంకుల వైపు చూశాను. కుంటికాకి అక్కడే ఉంది! రెండు గెంతులు గెంతి, ఎగిరి, మా నూతి మీదుగా వచ్చి, మునగచెట్టు దగ్గర చటుక్కున పక్కకు తిరిగి, అరుచుకుంటూ వెనక్కి పోయింది. అది దేన్ని చూసి బెదిరిందా అని అటే చూస్తే, ఆకుల సందున నల్లగా వేలాడుతూ నా గుడ్డకాకి.

అప్పుడే నోరు విప్పి చెప్పవలసింది. చెప్పలేదు. చెబితే మావగారికి కోపం లేదని తేలిపోతుంది. కోపం లేకపోతే తాళంచెవి ఎందుకిస్తారు? ఎలాగో ఒక కాకి తెగించి వస్తుందిలే, మొక్కు మొక్కుగా ఉండిపోతుంది అనుకున్నాను. చేతులు జోడించి నిలబడే ఉన్నాను, లోపల మాత్రం దేవుడి వైపు చూడలేకపోయాను. ఒక గిన్నెడు గంధం అరగదీసేంత సేపు అలా ఉన్నానేమో. నా జీవితంలో అంత పొడుగైన సమయం మరొకటి లేదు.

అత్తగారు చప్టా మీద కూలబడ్డారు.

"ఇంకా నమ్మకం లేదా నా మాట మీద? నలభై ఏళ్లు చేశానండీ మీ ఇంట్లో కాపురం. ఒక్క మాట తప్పానా?"

మావగారు పోయిన నాడు కూడా ఆవిడ నలుగురిలో ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చారు, పక్కింటివాళ్లు చూస్తుండగా, పసిపిల్లలాగా. ఆ ఏడుపు నా మౌనం వల్ల. అది నాకు తెలుసు.

"అత్తయ్యా, మావయ్యగారికి కోపం లేదండి. తప్పు నాది," అని, మునక్కాయలు కోసే దోటి తీసుకుని చెట్టు కిందికి నడిచాను.

"మడి! మడి మైలపడుతుంది, ముట్టుకోకు!" అని పిన్నిగారు కేకేశారు.

దోటి తగిలించి లాగాను. గుడ్డకాకి ఊడి నా భుజం మీదనే పడింది. ఈకలు, పీచు, దుమ్ము నెత్తినిండా. అందరూ చూశారు.

పురోహితులు దాన్ని కర్రతో తిరగేసి చూసి, "ఇది పంతులుగారి గొడుగు కాదూ!" అని, నవ్వు ఆపుకోలేక, "మావగారి గొడుగుతో మావగారినే తరిమావా తల్లీ!" అన్నారు.

ఆయన మాట పూర్తయ్యేలోపే గోడ మీద రెక్కల చప్పుడైంది. కుంటికాకి వచ్చి వాలింది. పిండం వైపు చూడకుండా ముందు గారె అందుకుంది. అత్తగారు ఏడుపులోనే కొంగు నెత్తిమీదికి లాక్కుని, "అదీ! గారె తరువాతే ఏదైనా," అన్నారు.

నేను నూతి దగ్గర మళ్లీ స్నానం చేసి, మడి పోయింది గనుక వడ్డనకు దూరంగా కూర్చున్నాను. పుస్తకాల మీద ఆశ నీళ్లతో పాటే వదిలేశాను. ఆశ్చర్యం, ఏడాదిగా లేని తేలిక. అబద్ధం మీద నిలబడిన వరం నాకు దక్కనివ్వనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

చివరకు భోజనానికి మిగిలింది మేమిద్దరమే. అత్తగారు మజ్జిగ అన్నం దాకా తిన్నారు. చెయ్యి కడుక్కుని, కొంగు ముడి విప్పి, తాళంచెవి నా ముందు నేల మీద పెట్టారు.

"కోపం లేదని తేలింది కదండీ," అన్నాను.

"లేదని నువ్వన్నావు. ఏం తప్పు చేశావని నన్ను అడిగినవాళ్లు లేరు. నా నోటికి ముందు పుస్తకాల మాటే ఎందుకొచ్చింది? ఏడాదిగా నా మనసులో కూర్చుని ఉంది గనక వచ్చింది." తాళంచెవి నా వైపు జరిపి, "కాకుల్ని రాకుండా చూడమన్నదీ నేనే. ఆ మాట నలుగురిలో నువ్వు అనలేదు," అన్నారు.

మర్నాడు నా భర్త పెట్టె దింపబోయి, "అమ్మా, ఇటు రా," అని నిచ్చెన మీద నుంచే పిలిచారు. పెట్టె మూల చెక్క విరిగి ఉంది. మూత తెరిస్తే పద్యాల పుస్తకం మీద ఒక ఉడుత గూడు. కొబ్బరి పీచు, తలగడ దూది, సన్నగా చీల్చిన కాగితం. మధ్యలో మూడు పిల్లలు, కళ్లు తెరవనివి, గులాబి రంగులో. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"మూయరా మూత," అన్నారు అత్తగారు. "ఏడాది ఆగింది, ఇంకో నెల ఆగలేదా?"

నెలపైనే ఆగాను. పిల్లలు చూరు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాక గూడు తీసి చూస్తే, మొదటి పద్నాలుగు ఆకులు లేవు. ఉడుత తల్లికి నా కృతజ్ఞత ఇక్కడే చెప్పాలి. అది చింపింది మావగారు నాకు కంఠస్థం చేయించిన ఆకులే. నా భర్త బజారు నుంచి కాగితాలు, సిరా తెచ్చిపెట్టారు. రోజూ సాయంత్రం అదే గుమ్మం లోపల కూర్చుని, ఒక్కొక్క పద్యం పైకి చెప్పుకుంటూ రాశాను. ఇసుక దాటి కాగితం మీద నేను రాసిన మొదటి అక్షరాలు అవే.

ఒకచోట ఆగిపోయాను. నాలుగు పాదాల పద్యంలో ఒక్కటే ఉంది, మూడు జారిపోయాయి. ఎన్నిసార్లు మొదటి నుంచి అందుకున్నా అక్కడికి వచ్చేసరికి ఖాళీ. మూడోసారో నాలుగోసారో ఆగినప్పుడు వంటింట్లో రోలు చప్పుడు ఆగింది. రెండో పాదం వినిపించింది. రాగం కూడా మావగారిదే. ఆ తరువాత మూడోది.

నేను లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్లాను. అత్తగారు నా వైపు తిరగలేదు.

"నాలుగోది నాకూ రాదు. ఆయన అది చెప్పేసరికి పాలు పొంగాయి," అని పచ్చడి నూరడం మొదలుపెట్టారు.

ఆ నాలుగో పాదం తరువాత ఎవరినైనా అడిగి రాసుకోవచ్చు. ఆ పుస్తకం ఊళ్లో దొరుకుతుంది కూడా. నేను రాసుకోలేదు. ఆ కాగితంలో అంత మేర ఖాళీగానే ఉంచాను.