రొయ్యల గుంట గట్టున పాత ఫోను

అది కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవి. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, బస్సులు ఆగే మలుపు దగ్గర నా సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. ఒకప్పుడు అది మా ధాన్యం కొట్టు. వెనక భాగాలన్నీ చేతులు మారగా రోడ్డు వైపు ఈ ఒక్క గది మాకు మిగిలింది. బోర్డు మీద మా ఇంటిపేరు రాయించాను. దాని కింద ఇంకేమీ రాయించలేదు. ఎవరికి ఏం బాగుచేస్తానో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు చేతికొచ్చేవి కీప్యాడ్ ఫోన్లు. నాలుగు స్క్రూలు తీస్తే లోపలిదంతా కనిపించేది. నీళ్లలో పడిన ఫోనును విప్పి ఎండలో పెడితే సాయంత్రానికి పలికేది. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లు జిగురుతో మూసిన పెట్టెలు. బ్యాటరీ మార్చాలన్నా వేడి చేసి, అద్దం పగలకుండా పలుచని రేకుతో ఊడదీయాలి. దానికి తోడు ఈ తీరంలో ఉప్పుగాలి. బోర్డు మీద రాగి గీతల వెంట పచ్చగా చిలుము పడుతుంది. కడిగి, టంకం వేసి పంపిస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే ఫోను, అదే చిలుము. ఏళ్ల తరబడి ఒకే తుప్పును గోకుతున్నట్టు ఉంటుంది. కళ్లు మండుతాయి, మెడ పట్టేస్తుంది. అయినా ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతకడానికి ఇది చాలు.

ఒక శనివారం పొద్దున నేను షట్టరు ఎత్తుతుండగానే పెంచలయ్య వచ్చాడు. కాపురం నెల్లూరులో, రొయ్యల గుంటలు మా దుకాణానికి తూర్పున. మనిషి నిద్రపోయినట్టు లేడు.

"రాఘవన్నా, ఒక ఫోనుకు ఎవురెవురు కాల్ చేసినారో తీసి చెప్పగలవా?"

"ఫోను తెచ్చారా?"

"తెచ్చేది కాదన్నా. గుంట కాడ డబ్బాలో బిగించి ఉండాది. నువ్వే రావాల."

పని నా దగ్గరికి రావాలి తప్ప నేను పని దగ్గరికి వెళ్లను. ఆ మాటే చెప్పాను. అతను కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకున్నాడు.

"మళ్లీ ఆదివారం వస్తే ఉండే రొయ్య కూడా పోతాదన్నా."

రొయ్యల సాగు తెలియనివారి కోసం రెండు మాటలు. గుంటలో నీటిని చిలికి గాలి అందించే చక్రాలను ఏరియేటర్లు అంటారు. నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళ చక్రాలు ఆగితే రొయ్య పైకి తేలి నోరు తెరుస్తుంది. ఇంకాసేపు చూసుకోకపోతే అడుగున తెల్లబడి పడి ఉంటుంది. పెంచలయ్య గుంటలో వరసగా మూడు ఆదివారాలు తెల్లవారుజామునే చక్రాలు ఆగాయి. మొదటి రెండుసార్లు రొయ్య తేలింది. మూడోసారి చచ్చింది.

ఆ ఏరియేటర్లను నడిపేది ఒక పాత ఫోను. ఇలాంటి ఏర్పాటు మా ప్రాంతంలో చాలాచోట్ల ఉండేది. కీప్యాడ్ ఫోనులో వణుకు పుట్టించే చిన్న మోటారు ఉంటుంది, వైబ్రేటర్ అంటారు. దాని తీగలు ఊడదీసి రిలేకు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును తెరిచి మూసే స్విచ్చికి, కలుపుతారు. యజమాని ఊళ్లో కూర్చుని ఒక మిస్డ్ కాల్ ఇస్తే చక్రాలు తిరుగుతాయి. ఇంకో కాల్ ఇస్తే ఆగుతాయి. కంపెనీలు అమ్మే కంట్రోలు డబ్బా కొనలేనివాళ్లకు ఊరి ఎలక్ట్రీషియన్ చేసిచ్చే ఉపాయం.

"మా పక్క గుంటాయన ఉండాడే, కాలవ నీళ్ల కాడ మాకూ ఆయనకూ పడదు" అన్నాడు పెంచలయ్య. "డబ్బాలో ఉండే ఫోను నంబరు ఆయనకు చేరింది. చేర్చింది మా కాపలా దేవదానం. తెల్లారగట్ట ఒక కాల్ కొడతాడు, మా చక్రాలు ఆగిపోతాయి. ఆ కాల్ ఒక్కటి పట్టియ్యన్నా, మిగతాది నేను చూసుకుంటా."

వెళ్లాను. ఆ గుంటలు ఏ చోట ఉన్నాయో నాకు తెలుసు. ఒకప్పుడు మొలగొలుకుల వరి పండిన మా కయ్యలు, మా పొలాలే అవి. ఒక్కొక్క కయ్య పేరూ చెప్పగలను. చెప్పలేదు. పెంచలయ్య కుర్చీ తెప్పించాడు, టీ తెప్పించాడు. పని అయ్యాక చూద్దామన్నాను.

గట్టు మీద రేకుల షెడ్డు. దేవదానం ఉండేది అందులోనే. అరవై దాటిన మనిషి, భార్య పోయింది. కూతురు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తుంది. అతని గుడ్డల సంచి అప్పటికే షెడ్డు బయట సైకిలుకు ఆనించి ఉంది.

"సంచి సర్దుకున్నాడు చూడన్నా" అన్నాడు పెంచలయ్య. "తప్పు లేనోడు సంచెందుకు సర్దుతాడు?"

"మీరేగదయ్యా పొమ్మనింది" అన్నాడు దేవదానం.

"ఆదివారమే ఎందుకాగుతాయి? మిగతా రోజులు ఎందుకాగవు? అది చెప్పు ముందు."

"నాకు తెలవదయ్యా. నేను ప్రార్థనకు పోయేటప్పుడు తిరగతానే ఉండాయి. వచ్చి చూస్తే ఆగి ఉండాయి. చెయ్యిపెట్టి మళ్లీ వేసినా."

"విన్నావా అన్నా? దేవుడి పేరు చెప్తే నమ్మేస్తామని."

వారం నుంచీ ఆ జవాబే చెబుతున్నాడని దేవదానం గొంతులో తెలుస్తోంది.

డబ్బా తెరిచాను. ఫోను డిస్‌ప్లే ఎప్పుడో ఉప్పుగాలికి చచ్చిపోయింది. కాల్ వస్తే వణికితే చాలు గనక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రింగు వినిపించే చిన్న స్పీకరును కూడా ఎలక్ట్రీషియన్ తీసేశాడు. నా పాత సామాన్ల డబ్బాలోంచి అదే మోడల్ డిస్‌ప్లే ఒకటి తెచ్చుకున్నాను. బిగించి, వెలిగించి, కాల్ లాగ్, అంటే వచ్చిన కాల్స్ వరస, చూశాను.

అన్నీ పెంచలయ్య నంబరు నుంచే. మధ్యలో ఎవరో అప్పులిస్తామనే కంపెనీవాళ్లు ఒక మధ్యాహ్నం చేసిన కాల్ ఉంది.

"అవునన్నా, ఆ పూట కూడా ఆగినాయి" అన్నాడు పెంచలయ్య. "పగలు గదా, మనిషుండి వేసినాడు. రొయ్యలకు కూడా లోను ఇస్తారేమో నా కొడుకులు."

ఆదివారం తెల్లవారుజామున మాత్రం ఎవరూ చేయలేదు. మూడు వారాల్లో ఒక్క కాల్ కూడా లేదు. ఆ మాట చెప్పగానే పెంచలయ్య ముఖం గట్టిపడింది.

"కాల్ లేదు. అయితే చేత్తో ఆపిందే. ఇంక అనుమానం ఏముండాది? పోతా పోతా డబ్బా మీద బటన్ నొక్కి పోయినాడు." దేవదానం వైపు తిరిగాడు. "లెయ్యి. సైకిలెక్కు. మళ్లీ ఈ గట్టు తొక్కితే మర్యాదుండదు."

కాల్ లాగ్ తీసింది నేను. ఆ ముసలాయన్ను గట్టు దింపుతున్నది ఇప్పుడు నేను చెప్పిన మాటే. "కాసేపు ఆగండి" అన్నాను. ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. కొత్తగా వెలిగిన తెరను మళ్లీ చూశాను. పై మూలలో చిన్న గంట గుర్తు ఉంది. అలారం పెట్టి ఉన్న ఫోనులో మాత్రమే అది కనిపిస్తుంది.

మెనూలోకి వెళ్లి చూశాను. ప్రతి ఆదివారం, తెల్లవారి ఐదు గంటలకు.

కాల్ వచ్చినా, అలారం మోగినా వైబ్రేటర్ ఒకేలా వణుకుతుంది. వణికించింది ఏదో రిలేకు తెలియదు. నేను ఏమీ వివరించలేదు. అలారాన్ని మరో రెండు నిమిషాలకు మార్చి, ఫోనును డబ్బాలో పెట్టి, "చూడండి" అన్నాను. గుంటలో చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. పెంచలయ్య నా ముఖం వంక, డబ్బా వంక చూస్తున్నాడు. రిలే టక్కుమంది. చక్రాలు ఒక్కొక్కటే నెమ్మదించి నిలిచిపోయాయి. ఆ మోత ఆగిపోయాక అవతలి గట్టు మీద కొంగల అరుపు కూడా వినిపించింది.

"దీని దుంపతెగ" అన్నాడు పెంచలయ్య.

"ఈ ఫోను ఎవరిది?" అని అడిగాను.

పెంచలయ్యకు తెలియదు. "మూడు వారాల కిందట ముందుండేది చెడిపోతే ఎలక్ట్రీషియన్ యాడో తెచ్చి పెట్టినాడు. పాతదేదో."

"నాదే" అన్నాడు దేవదానం.

అతను ఊరుకుని ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

"నా పాపకు మొదటి జీతం రాంగానే నాకు పెద్ద ఫోను కొనిచ్చింది. ఇది ఊరికే పడి ఉంటే ఎలక్ట్రీషియన్ అడిగినాడు, ఇచ్చినా. చర్చి పక్కన కాపరం ఉండేటప్పుడు ఐదింటికి లేస్తే సరిపొయ్యేది. పాపే పెట్టింది అలారం. ఇప్పుడు ఈడ నుంచి సైకిల్లో పోవాలంటే నాలుగున్నరకే ఎక్కతాను గదా. నేను దారిలో ఉంటే ఇది ఈడ..." అని ఆగిపోయాడు. డబ్బా వంక చూసి, "దాన్ని ఎట్టా తియ్యాలో నాకు తెలవదయ్యా" అన్నాడు.

అలారం తీసేసి, చక్రాలు మళ్లీ తిప్పించాను. పెంచలయ్య నుదురు తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. నష్టం తగిలి ఉన్నాడు, అంతే.

"సరే పో, దేవదానం. జరిగింది జరిగింది. సంచి లోపల పెట్టుకో."

దేవదానం కదల్లేదు. "రొయ్యల మేత కొట్టు కాడ నలుగురిలో చెప్పినారు, నేను లంచం తిని మీ రొయ్య చంపించినానని. మా చర్చి సంఘంలో కూడా తెలిసిపోయింది. రేపు ప్రార్థనకు ఏ ముఖంతో పోయేది? ఆ నలుగురిలోనే కాదని ఒక్క మాట చెప్పండి. నేను పనిలో ఉంటా."

"ఏమని చెప్పమంటావు? పాత ఫోనులో అలారం తియ్యకుండా లక్షల పంట దాని చేతిలో పెట్టినాననా? నవ్వి సస్తారు నన్ను. నేను నమ్ముతుండా గదా, చాలదా?"

"ఫోను చెప్పినాక నమ్మినారు. వారం నుంచీ నేను చెప్పినా."

"నువ్వన్నా చెప్పన్నా" అన్నాడు పెంచలయ్య నాతో. "ఈ వయసులో యాడికి పోతాడు? ఈ పొగరేంది?"

మా తాతగారి కాలంలో ఇలాంటి తగవులు మా పంచలోకి వచ్చేవని విన్నాను. నా దగ్గర తీర్పులు లేవు, స్క్రూడ్రైవరు ఉంది. అయినా అడిగాడు గనక చెప్పాను. "ఆయన అడిగింది పెద్ద కోరికేమీ కాదు. వెళ్లి చెప్పండి."

పెంచలయ్య తల అడ్డంగా ఊపాడు. దేవదానం సంచిని సైకిలు వెనక కట్టుకున్నాడు. నాకు నమస్కారం పెట్టి, తన యజమానికి కూడా పెట్టి, ఎక్కకుండానే సైకిలు నడిపించుకుంటూ గట్టు దిగి వెళ్లిపోయాడు. ఆ మనిషికి ఇల్లూ, పనీ ఆ షెడ్డే. నేను ఆపలేదు. నాకు తెలిసినంతలో అలాంటివాణ్ణి ఆపడం అవమానించడమే. నా కూలి తీసుకుని, టీ తాగకుండా వచ్చేశాను.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. రిపేరుకు వచ్చిన ఫోనులో చూసింది కౌంటరు దాటకూడదు. ఎవరెవరి ఫోటోలు, ఎవరెవరి మాటలు నా కళ్లబడ్డాయో నాతోనే పోతాయి. ఆ ఒక్కసారి దాన్ని మీరాను. తర్వాతి వారమంతా దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ, అడిగినా అడగకపోయినా, ఆ అలారం సంగతి చెప్పాను. మేత కొట్టువాళ్లు ఛార్జర్ కోసం వస్తే చెప్పాను. ఆటోవాళ్లకు చెప్పాను. వాళ్ల సంఘం పాస్టరుగారు స్క్రీన్ మార్పించుకోవడానికి వస్తే పని ఆపి కుర్చీ వేసి మరీ చెప్పాను. కబుర్లు చెప్పడం నాకు చేతకాదు. ఒకే కథను అన్నిసార్లు చెప్పేసరికి నోరు ఎండిపోయింది. విన్నవాళ్లలో సగం మంది నవ్వారు. నవ్వినా సరే, ఊరంతా తిరగవలసిన మాట తిరిగింది.

పెంచలయ్య ఒకరోజు వచ్చి రోడ్డు మీదే నిలబడ్డాడు. "నా పరువు బజారున పెట్టినావు గదన్నా."

"మీ పేరు నేనెత్తలేదు. ఆయన పేరు ఎత్తాను."

"ఎత్తకపోతే తెలవదా ఎవురి గుంటో" అని వెళ్లిపోయాడు. తర్వాత అతని ఇంటి ఫోన్లేవీ నా దగ్గరికి రాలేదు. దేవదానం కొన్నాళ్లు తడలో కూతురి దగ్గర ఉండి, దొరవారిసత్రం వైపు ఎవరి తోటకో కాపలాకు కుదిరాడని తెలిసింది. ఒక ఆదివారం ఇక్కడి చర్చికి వచ్చాడనీ, ప్రార్థన అయ్యాక చాలామంది అతని చుట్టూ నిలబడి మాట్లాడారనీ పాస్టరుగారు చెప్పారు. నన్ను కలవలేదు. కలవాల్సిన అవసరమూ లేదు.

ఆ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. ఆ రోజు గట్టు మీద నేను చివర అడిగిన ప్రశ్నను ఇప్పుడు మొదట అడుగుతున్నాను. బోర్డులో తప్పు పట్టడానికి మీటరు ఉంది. ఫోను పక్కన నిలబడిన మనిషికి ఏం తెలుసో పట్టడానికి ఏ మీటరూ లేదు, నోరు తెరిచి అడగాలి. అందుకే స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు, ఈ ఫోను ఇంతకుముందు ఎవరు వాడారు, ఎక్కడ ఉంచేవారు, ఏం జరిగిందనుకుంటున్నారు అని అడుగుతాను. కుర్రకారుకు విసుగు. "ఫోను బాగుచెయ్యమంటే పురాణం అడగతావేందన్నా?" అంటారు. నాకూ ఓపిక తక్కువే. అయినా టేబుల్ లైటు ఆర్పి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, చెప్పండి, వింటాను అంటాను.