తెల్లాపూర్ పైన ఎర్ర చున్నీ

ఆఫీసులో నాకు పదేళ్లు నిండాయని మా టీమ్ వాళ్లు షీల్డు ఇస్తామన్నారు. ఇంట్లో పెట్టడానికి చోటు లేదని నేనే నోరు జారాను. దాంతో అందరూ కలిసి చిన్న విమానంలో అరగంట షికారుకి టికెట్ కొనిచ్చారు. కాకినాడలో పుట్టి, ఇన్నేళ్లకీ లిఫ్టులో గోడ పట్టుకుని నిలబడే మనిషిని నేను. వద్దనడానికి మొహమాటం అడ్డొచ్చింది.

మా ఆవిడ చందానగర్ మనిషి, ఏదైనా ముఖం మీదే అనేస్తుంది. "భయమైతే పోకు. పోతే మాత్రం విమానాన్ని మన బిల్డింగ్ మీదికెళ్లి పోనియ్యమను, పిల్ల చూస్తది" అంది. మాకు ఏడేళ్ల పాప. తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఏ గుడ్డ ఊపితే ఆకాశంలోకి కనబడుతుందా అని రెండు బీరువాలూ వెతికి, చివరికి వాళ్లమ్మ ఎర్ర చున్నీ ఖాయం చేసింది.

పైలట్ చిన్నమ్మాయే, హైదరాబాద్ అమ్మాయి. ఎక్కే ముందు నా ఫోన్ విమానం వాళ్ల ఆఫీసు గదిలో పెట్టించేసి, నన్ను తన పక్క సీటులో కూర్చోబెట్టింది. పైకి లేచాక నా భయం ఎటు పోయిందో తెలియదు. హైటెక్ సిటీ అద్దాల భవనాలు కడిగి బోర్లించిన గాజు గ్లాసుల్లా మెరుస్తున్నాయి. వాటిలో మా ఆఫీసు ఏదో పోల్చుకోలేకపోయాను, పోల్చుకోవాలనీ అనిపించలేదు. రోజూ నా ప్రాణం తోడేసే ట్రాఫిక్ అక్కడి నుంచి ఎవరికీ ఏ తొందరా లేనట్టు కదులుతోంది. హఫీజ్‌పేట్ స్టేషన్‌లోంచి రైలొకటి చప్పుడు లేకుండా బయటికొచ్చింది. నిద్రలో ఉన్నట్టుంది నాకు, ఎవరూ లేపకపోతే బాగుండుననిపించింది.

తెల్లాపూర్ రాగానే పైలట్ విమానాన్ని ఒక పక్కకి వంచింది. ఒకేలా ఉన్న టెర్రస్‌ల మధ్య, నీళ్ల ట్యాంకు పక్కన, ఎర్రటి చుక్క ఊగుతోంది. నేనూ అద్దానికి దగ్గరగా జరిగి చెయ్యి ఊపాను. ఊపుతుండగానే ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఎంత నిశ్శబ్దమో. రెక్కల మీద గాలి ఒరుసుకుపోవడం వినబడుతోంది. ముందున్న ఫ్యాను రెక్కలు కదలకుండా నిలబడిపోయాయి. పైలట్ తాళం తిప్పింది, ఏవేవో నొక్కింది, రేడియోలో గబగబా చెప్పింది. నావైపు తిరగకుండానే, "ఇంజిన్ పోయింది సార్. ఫికర్ చెయ్యకండి, గాలి మీద జారుకుంట దిగుతం. నేను చెప్పంగనే తలుపు జర తెరిచి పట్టుకోండి, దిగినంక ఇరుక్కుపోకుండ" అంది.

చచ్చిపోతానని భయపడ్డాను, దాచడమెందుకు. కానీ అంతకన్నా పెద్ద భయం, పాప చూస్తుండగా కింద పడతామేమోనని. ఎదురుగా కడుతున్న టవర్ల అవతలికి పోనీ, ఆ తర్వాత ఏమైనా కానీ అని మొక్కుకున్నాను. విమానం తూనీగలా తేలుతూ ఆ టవర్లు దాటింది.

అవతల ఇళ్లు లేని వెంచర్. గేటుకి కమాను, రంగురంగుల జెండాలు, మధ్యలో తిన్నగా కొత్త తారు రోడ్డు. కరెంటు స్తంభాలు ఇంకా పాతలేదు, రోడ్డు పక్కన పడుకోబెట్టే ఉన్నాయి. మా బిల్డర్ పనులు సాగదీస్తున్నాడని వాట్సాప్ గ్రూపులో అందరికన్నా ఎక్కువగా తిట్టినవాణ్ని నేను. ఆ రోజు ఈ వెంచర్ వాళ్ల ఆలస్యానికి మనసులోనే దండం పెట్టాను.

"తలుపు" అంది పైలట్. తెరిచాను. చక్రాలు రోడ్డుకి తగిలి, ఎగిరి, మళ్లీ తగిలాయి. కంకర గుట్ట ముందు ఆగాం. ఆ అమ్మాయి స్విచ్చులన్నీ ఆపేసి, ఎక్కడ దిగామో రేడియోలో చెప్పింది.

ఇంతలో చప్పట్లు వినబడ్డాయి. ఆదివారం కదా, ప్లాట్లు చూపించడానికి కంపెనీ కార్లలో తీసుకొచ్చిన కుటుంబాలు షామియానా కింద టిఫిన్లు చేస్తున్నాయి. టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి నా చేతిలో బ్రోచర్ పెట్టాడు.

"ఏంది సార్, ప్లేన్ దించుతమని మావోళ్లు ఒక్క మాట చెప్పలే. కిరాక్ పబ్లిసిటీ."

"ఇంజిన్ ఆగిపోయిందండి" అన్నాను.

"అట్లనే చెప్పాలె సార్" అని నవ్వాడు. ఒక జంట నాతో సెల్ఫీ తీసుకుంది.

అతని ఫోన్ అడిగి తీసుకున్నాను. తీరా మా ఆవిడ నంబరు నోటికి రాలేదు. ఎప్పుడూ పేరు నొక్కడమే తప్ప అంకెలు చూసిందెప్పుడు? పైలట్ నా ముఖం చూసి, "మీరు ఇంటికి పోండి సార్, ఇక్కడ నేనుంట" అంది. ప్లాట్లు చూపించే కారులోనే బయల్దేరాను. తూర్పు ముఖం ప్లాట్లు కొన్నే మిగిలాయని డ్రైవరు దారంతా చెబుతూనే ఉన్నాడు.

వాళ్లిద్దరూ ఇంకా టెర్రస్ మీదే ఉన్నారు. పాప వచ్చి నడుం చుట్టేసింది. "నాన్నా, నా కోసం ఎంత కిందికొచ్చావో! నా కేక వినబడాలనే కదా సౌండ్ ఆపేశావ్. వినబడిందా?"

"వినబడిందమ్మా" అన్నాను.

మా ఆవిడ పిట్టగోడ దగ్గరే ఉంది, చున్నీ పట్టుకున్న చెయ్యి ఇంకా పైకే ఉంది. నేను దగ్గరికి వెళితే, పాపకి వినబడకుండా మెల్లగా అంది. "సప్పుడు ఆగంగనే నాకు సమజైంది. చెయ్యి దించితే పిల్లకు తెలుస్తదని ఊపుకుంటనే ఉన్న. డాడీ మళ్ల తిరిగొస్తడు, నువ్వు కూడ ఊపు అని పిల్లకు చెప్పిన."

నేను ఆ చెయ్యి కిందికి దించాను. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి చున్నీ తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.