విప్పలేని గౌను

టైలరమ్మ నోటి నుంచి మెచ్చుకోలు విన్నవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. ఆమె దగ్గరే పని నేర్చుకున్న కోడలికైతే పెళ్లయిన మర్నాటి నుంచి వినిపించింది ఒకటే మాట: "ఊడదియ్యి." కుట్టి ఇచ్చిన బట్టను ఆమె కళ్లతో చూసేది కూడా కాదు. ఎడమచేతి బొటనవేలితో కుట్టు వెంట నిమురుకుంటూ పోయేది. ఎక్కడో ఆగేది. గోరు దూర్చేది. ఇక పని మళ్లీ మొదటికి వచ్చినట్టే.

"లోపలి కుట్టు ఎవరికి కనపడుతుంది అత్తయ్యా?" అని కోడలు ఒకసారి నోరు జారింది.

"నాకు" అంది టైలరమ్మ.

పక్షవాతం వచ్చి ఆమెకు కుడివైపంతా పడిపోయింది. కత్తెర పట్టిన చెయ్యి పోయి, బట్ట తడిమిన చెయ్యి మిగిలింది. మాట ఎప్పుడో గాని పెగిలేది కాదు. కుడుతూనే కనిపెట్టుకుని ఉండొచ్చని ముందుగదిలో, మిషన్ పక్కనే మంచం వేశారు. ఉక్కపోసినా, బట్ట తడిసినా ఆమె ఎవరినీ పిలిచేది కాదు. ఒంటిచేత్తో గుండీలు తీసుకుని, తడిబట్టను పక్కకి నెట్టేసి, గోడవైపు చూస్తూ పడుకునేది. ఒకరిని అడక్కుండా ఆమె చేసుకోగలిగిన పని లోకంలో అదొక్కటే మిగిలింది. తడిసిన పరుపులు ఎండలోకి మోసుకుపోయే కోడలికి మాత్రం ఆ పనితో నడుం విరిగేది.

కొడుకు సంగతి వేరు. అతని చేతికి సూది తెలియదు, నోటికి అలుపు తెలియదు. ఆన్‌లైన్‌లో అమ్ముతానని ఫోన్ కవర్లు తెప్పించాడు, చదువుకునే దీపాలు తెప్పించాడు, కుక్కల మెడపట్టీలు తెప్పించాడు. అవన్నీ తల్లి మంచం కిందికి చేరాయి.

"అందరికీ పనికొచ్చేది అమ్మితే అందరితో పోటీ. ఎవరికీ పట్టని జనం ఎక్కడో కొంతమంది ఉంటారు. వాళ్లని పట్టుకోవాలి" అన్నాడు ఒకనాడు భోంచేస్తూ.

"ముందు ఆ డబ్బాలు పట్టుకెళ్లేవాళ్లని పట్టుకోండి. ఊడవడానికి చీపురు దూరడం లేదు" అంది భార్య.

ఆ జనం అతని ఇంట్లోనే దొరికారు. అత్తగారిని లేవనెత్తకుండా తొడగొచ్చని కోడలు వీపు మొత్తం తెరుచుకునే గౌను ఒకటి కుట్టి, భుజాల దగ్గర టిచ్ బటన్లు పెట్టింది. కొడుకు దాన్ని ఫొటో తీసి అమ్మకానికి పెట్టాడు. నాలుగు అమ్ముడుపోయాయి. తర్వాత ఫ్యాక్టరీలవాళ్లు అలాంటివే చవగ్గా దించేసరికి అడిగే దిక్కు లేకపోయింది. అప్పుడే, అంతకుముందు గౌను కొన్న ఒకావిడ రాసింది: మా నాన్న బుర్ర సరిగా లేదు, చుట్టాల ముందే అన్నీ విప్పేసుకుంటాడు, ఆయన విప్పలేనిది మీ దగ్గర ఉందా? ఆ వారంలోనే అలాంటి ఉత్తరాలు మరో రెండు వచ్చాయి.

కొడుకు ముఖం వెలిగిపోయింది. "ఇన్నాళ్లూ మనం తొడుక్కునేవాళ్ల గురించి ఆలోచించాం. అదే పొరపాటు. తొడుక్కునేవాళ్లు కొనరు. ఉతికేవాళ్లు కొంటారు."

కోడలు తలెత్తి మంచం వైపు చూసింది. "అంటే?"

"అంటే అమ్మ విప్పలేని గౌను కుట్టు. అమ్మ చేతికి లొంగనిది ఇక ఏ చేతికీ లొంగదు."

మొదటిదానికి మెడ వెనక హుక్కులు పెట్టింది. టైలరమ్మ మెడబట్టను మెల్లగా ముందుకు తిప్పుకుని, పొయ్యి మీద పాలు పొంగేలోపే విప్పేసింది. రెండోదానికి వీపున జిప్పు. దాన్ని మంచం పట్టెకు తగిలించి, ఒళ్లు కిందికి జార్చుకుంటూ లాగేసింది. విప్పిన ప్రతిసారీ ఆమె పెదవి ఒకవైపుకి వంకర పోయేది. అది నవ్వని కోడలికి ఆలస్యంగా తెలిసింది. జబ్బు చేశాక ఆ కళ్లలో వెలుగు చూడటం అదే మొదలు. ముసలామెకు అది పోటీ. చిన్నదానికీ అంతే. వంటచేస్తున్నా, గిన్నెలు తోముతున్నా కోడలి బుర్రలో కుట్లే.

చివరికి ఒకటి కుదిరింది. జిప్పు కాలి దగ్గర మొదలై వీపు మీదుగా మెడ దాకా పోతుంది. దాని నాలుక రెండు మడతల పట్టీ కిందికి దూరి అక్కడ కొక్కేనికి పడుతుంది. తీయాలంటే రెండు చేతులు కావాలి. టైలరమ్మ పొద్దుటి నుంచి పెనుగులాడి అలిసిపోయింది. కోడలు గెలిచాననుకుని దగ్గరికి వెళ్లింది.

టైలరమ్మ ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ సాయంత్రమో మర్నాడో ఆ గౌను విప్పుకునేది. కానీ చెడ్డ కుట్టు చూసి ఊరుకోవడం ఆ చేతికి అలవాటు లేదు. మెడపట్టీ మీద ఒకచోట గోటితో తట్టింది. కోడలు వంగి చూసింది. అక్కడ ఒంటి కుట్టే పడింది. గోరు దూరిస్తే పట్టీ మొత్తం లేచి వస్తుంది.

"ఊడదియ్యి" అంది టైలరమ్మ.

కోడలు ఊడదీసి, జంట కుట్టు వేసి, మళ్లీ తొడిగింది. బొటనవేలు పట్టీ వెంట చివరిదాకా పోయింది, ఎక్కడా ఆగలేదు. తిరిగి వచ్చింది, అప్పుడూ ఆగలేదు.

"బాగుంది" అంది ముసలామె.

కోడలు వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

కొడుకు ఫోన్ పట్టుకుని మంచం ముందు కూర్చున్నాడు. "ఇంకోసారి లాగమ్మా. గట్టిగా లాగు. ముఖం ఇటు తిప్పకు, చెయ్యి ఒక్కటే పడాలి." గౌను మీద గీరుకుంటున్న ఆ చేతిని చూసి ఎక్కడెక్కడి నుంచో కొన్నారు. మంచం కింద డబ్బాలు పోయాయి, ఇంకో రెండు మిషన్లు వచ్చాయి, కుట్టడానికి ఇద్దరు మనుషులు కుదిరారు.

ఎండలు ముదిరాయి. గదిలో మూడు మిషన్ల చప్పుడు. దాని అడుగున గోరు బట్ట మీద గీరుతున్న చప్పుడు కోడలికి ఒక్కదానికే వినిపించేది.

"అమ్మాయ్" అంది టైలరమ్మ. ఆమె పిలవడం అదే మొదటిసారి.

"ఈ ఒక్క కుట్టూ అవనీ అత్తయ్యా."

అది అయ్యాక ఇంకొకటి ఉంది. కోడలు లేచి వెళ్లేసరికి గౌను తడిసి, ఆరిపోయి కూడా ఉంది. విప్పి చూస్తే తొడల మీద చర్మం ఎర్రగా ఒరిసిపోయింది. ఆ తర్వాత టైలరమ్మ పిలవనూ లేదు, గీరనూ లేదు.

మగవాళ్ల కోసం కొత్త రకం కుట్టినప్పుడు పరీక్షకని దాన్ని ఆమెకే తొడిగారు. కొక్కెం పెట్టడం మరిచిపోయారు. చంటిపిల్ల లాగినా ఊడివస్తుంది. పూటంతా అది అలాగే ఉంది.

"అమ్మ ఇక పనికి రాదు" అన్నాడు కొడుకు. "మీ నాన్నగారి చేతులు గట్టివే కదా? గోదాముల్లో బస్తాలు మోసిన చేతులు. నాలుగు రోజులు వచ్చి ఉండమనరాదూ?" అన్నాడు.

భార్య పాత గుడ్డముక్క ఒకటి తీసి, కావాలనే వంకరగా, కుట్లు దాటేస్తూ ఒక బారు వేసింది. దాన్ని తీసుకెళ్లి అత్తగారి బొటనవేలి కింద పెట్టి నిలబడింది.

వేలు కదల్లేదు.

కోడలు ఆ ముక్కను తీసుకుని వచ్చి, కత్తెర మొనతో కుట్టంతా తనే ఊడదీసింది. దారం ముక్కలు ఒళ్లోంచి దులుపుకుంది.

"నాన్నని ఎప్పుడు రమ్మనమంటారు?" అని అడిగింది.